వేలికొనలు

ఆ ఏడు అధికమాసం పడి ఆషాఢం జూలై నడిమికి జరిగింది. అది మొదలైన మరునాడే రామాంజినమ్మ పెరట్లో గోరింటచెట్టు దగ్గరికి పోయి, ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచేయకుండా లేత ఆకంతా దూసింది. ఒడి నిండింది. అయినా ఇంకో కొమ్మ వంచింది. ఎప్పుడూ అయితే మనవరాలికి గుప్పెడు ఆకు చాలు. ఈసారి చాలదనిపించింది. వచ్చే ఆషాఢానికి పిల్ల ఈ దేశంలోనే ఉండదు.

మిక్సీలో వేసుకోమని కొడుకు శ్రీనివాసులు మగ్గం గుంతలోంచే కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు. రోటి ముందు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని, కాస్త చింతపండు, నాలుగు వక్కపలుకులు, గరిటెడు పుల్లమజ్జిగ చేర్చి, ఆకు వెన్నలా నలిగేదాకా రుబ్బింది.

"అవ్వా, అయిందా?" అంటూ వసుంధర గడప దగ్గరికీ రోటి దగ్గరికీ తిరుగుతోంది.

"అయిందా అంటే అయితాదా మే? ఆకు నలగల్ల, పులుపు పట్టల్ల. లండను పిల్లకు చెయ్యి ఎర్రగా పండకపోతే ధర్మవరం పరువు పోతాది."

"అది లండన్ కాదవ్వా. లండన్ నుంచి మళ్ళా రైల్లో పోవల్లంట."

"యాడైతే నాకేమి! మన వీధిలో అందరికీ అది లండనే."

పిల్ల నవ్వింది. పెనుకొండలో హాస్టలు బడిలో పదో తరగతి ముగించి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నవ్వుకు పట్టపగ్గాలు లేవు. ఇంగ్లండులో ఒక పెద్ద బడి ఏటా ఇలాంటి హాస్టలు బడుల నుంచి ఒక ఆడపిల్లను ఎంచుకుని రెండేళ్ళు తనే ఉంచుకుని చదివిస్తుందట. ఇంగ్లీషు టీచరు గ్రేస్ మేడం పట్టుబట్టి వసుంధర చేత పరీక్ష రాయించింది. ఫోనులో ఇద్దరు దొరసానులు కనిపించి ఈ పిల్లను ప్రశ్నలడిగారు. అడగడం అయినాక తమ బడంతా తిప్పి చూపించారు. అందులో ఒక గది వసుంధర కళ్ళలో నిలిచిపోయింది. ఆ గది సంగతి ఇంట్లో అందరికీ ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు చేతులు చాపి పీట మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ప్రతి పిల్లకూ ఒక మైక్రోస్కోపు ఉండాదవ్వా. ఎవరిది వాళ్ళకే. మా బడిలో ఒక్కటుండె. అదీ బీరువాలో పెట్టి తాళమేస్తారు. సార్లు తనిఖీకి వచ్చినప్పుడు బయటికి తీసి, తుడిచి, మళ్ళా లోపల పెడతారు. నేను ఒక్కసారి కూడా కన్ను పెట్టి చూడల్యా."

"కన్ను పెడితే ఏమి కనపడతాది?"

"అన్నీ. మన పట్టుపోగు ఉండాది గదా, దాన్ని చూస్తే లోపల రెండు పోగులు కనపడతాయంట, పక్కపక్కన అంటుకోని."

"ఇన్నేండ్లు రాట్నం మీద పట్టు కండెలు చుట్టినాను, నాకు ఒక్కటే కనపడె," అంది రామాంజినమ్మ, ముద్ద తీసి అరచేతి నడుమ చందమామ పెడుతూ.

ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద శ్రీనివాసులు నేస్తున్నాడు. రెండోదాని మీద చీరలు అయిపోయాయి. అందుకని కోడలు నీలావతి దాని ముందు కూర్చుని కొత్త పడుగు అతుకుతోంది. పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి పట్టుకుని, బూడిద అద్దిన వేళ్ళతో ఒక్క మెలి తిప్పితే రెండూ ఒకటైపోవాలి. అట్లా వేల పోగులు. తల ఎత్తితే పోగు తప్పుతుంది. నీలావతి పొద్దుటి నుంచి తల ఎత్తలేదు. పిల్ల సీటు సంగతి వచ్చినప్పటి నుంచీ ఆమె అంతే. సంతకం పెట్టమన్నచోట పెట్టింది, కొత్త బట్టలకు అంచులు కుట్టింది, ఏమంటావని మొగుడడిగితే "అనేకి ఏముండాది" అంది.

అరచేయి అయినాక రామాంజినమ్మ వేళ్ళకు వచ్చింది. గోరుతో సహా మొదటి కణుపు దాకా, టోపీ తొడిగినట్టు, ఒక్కో వేలికీ మందంగా పెట్టి అదిమింది. నాలుగు వేళ్ళు అయ్యేసరికి నీలావతి లేచి వచ్చింది. బూడిద చేతులు ఎత్తి పట్టుకుని పక్కన నిలబడింది.

"వేళ్ళకు కూడానా అత్తా?"

"వేళ్ళకు ల్యాకుండా గోరింటాకేంది మే?"

నీలావతి ఇంకేదో అనబోయినట్టు పెదవులు విప్పింది. కూతురి వంక చూసింది. పిల్ల ముక్కు మీద దురద పుడితే అవ్వ భుజానికేసి రుద్దుకుంటూ నవ్వుతోంది.

"ఏంల్యా," అంది నీలావతి. "సాయంత్రం అన్నం నేను తినిపిస్తాలే. చెయ్యి తడపద్దు."

దీపాలు పెట్టే వేళకే కూతురిని ముందు కూర్చోబెట్టుకుని రాగిసంగటి ముద్దలు చేసి, ఊరుబిండి పచ్చడిలో అద్ది, నోట్లో పెట్టింది. చాలమ్మా అంటున్నా ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. అంత పెద్ద పిల్ల చిన్నదానిలా నోరు తెరుస్తుంటే రామాంజినమ్మకు ముచ్చటేసింది.

గురువారం తెల్లవారకముందే తండ్రీ కూతుళ్ళు బెంగళూరు రైలెక్కారు. అక్కడ వీసా ఆఫీసులో ఫోటో తీసుకుని వేలిముద్రలు తీసుకుంటే, ఇంక కాగితం రావడమే తరువాయి. కాగితాల పనంతా హిందూపురంలో తన ఇంటి నుంచి గ్రేస్ మేడమే చేసి పెట్టింది. పిల్ల చేతులు ఎట్లా పండాయో చూసుకుని రామాంజినమ్మకు తన మీద తనకే గర్వమనిపించింది. వేళ్ళ కొనలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

సాయంత్రానికి ఓళిగలు చేసింది. పూర్ణం తీపి సరిపోయిందో లేదో చూడమని నీలావతిని పిలిస్తే, ఆమె నోట్లో వేసుకుని, బాగుండాదని చెప్పడం కూడా మరిచిపోయి పడుగు దగ్గరికి పోయింది.

పొద్దుగూకే వేళకు వాళ్ళు వచ్చారు. వసుంధర చేతులు చున్నీలో చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయింది. శ్రీనివాసులు చెప్పులు విప్పకుండా గడప మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అంది రామాంజినమ్మ.

"నిన్నెవరు పెట్టమన్నారు?"

"ఏంది?"

"గోరింటాకు! నిన్నెవరు పెట్టమన్నారని అడుగుతాండా."

ఆమెకు అర్థం కాలేదు. నవ్వబోయి ఆగింది.

"ఆడ పచ్చగా వెలిగే అద్దం మీద వేళ్ళు పెట్టమన్నారు. పెట్టబోతా ఉంటే ఆ యమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఆడించింది. వేలికొనల మీద ఏ రంగూ ఉండగూడదంట. పుండు గానీ దెబ్బ గానీ ఉండగూడదంట. అంతా పోయినాక మళ్ళా రమ్మనింది. ఎప్పటికి పోతాది ఇది? ఆగస్టు దాటుతాది. ఆ పైన వీసా వచ్చేదెప్పుడు, ఈ పిల్ల బడిలో చేరేదెప్పుడు? సెప్టెంబరు మొదట్లో ఆడ ఉండల్లంట, ల్యాకుంటే సీటు ల్యాదంట."

"నాకు తెలీదు గదరా..."

"తెలీకుంటే ఊరకుండల్ల! ఎవరన్న అడిగినారా నిన్ను? చెయ్యి ఊరకుండదు గదా నీకు!"

వంటింటి గుమ్మంలో నీలావతి నిలబడి ఉంది. ఒక చేత్తో తలుపుచెక్క పట్టుకుంది. ఆమె మొగుడి వైపు చూడలేదు, అత్త వైపూ చూడలేదు. లోపల పిల్ల ఏడుపు వినిపించాక ఆ వైపు నడిచింది. ఓళిగలు తినమని ఎవరినీ అడిగే ధైర్యం రామాంజినమ్మకు లేకపోయింది. తెల్లారి వాటిని ఎనుముల కుడితిలో కలపమని ఎదురింటికి పంపించింది.

మరునాడు పొద్దున్నే శ్రీనివాసులు మచ్చుకత్తి తీసుకుని పెరట్లోకి పోయాడు. గోరింటచెట్టును మొదలంటా నరికి, కొమ్మలు ఈడ్చుకుపోయి వీధి చివర పారేశాడు. వచ్చి కూతుర్ని పిలిచాడు. తొట్టి దగ్గర కూర్చోబెట్టి, నిమ్మచెక్కతో ఆ వేళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు. నిమ్మకాయ అయింది. సోడా ఉప్పు అయింది. బట్టల సబ్బు అయింది. ఎరుపు కాస్త పలచబడినట్టు అనిపించేది, నీళ్ళు పోసి చూస్తే ఎక్కడిదక్కడే. చివరికి కాళ్ళు తోముకునే గరుకురాయి తీసుకున్నాడు.

"నొస్తాందా?"

"నొయ్యల్యా నాయనా. రుద్దు."

"తోలు లేస్తాంది చూడు," అంది నీలావతి. "ఇడిసిపెట్టు దాన్ని. చాలు."

"నువ్వు పక్కకు పో."

"ఇంకా రుద్దు నాయనా," అంది వసుంధర. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. "ఇంకొంచెం పోతే చాలు. గట్టిగా రుద్దు."

రామాంజినమ్మ తన రాట్నం ముందు కూర్చుని ఉంది. లేచి పోయి ఆ రాయి లాక్కోవాలనిపించింది. కానీ ఆ వేళ్ళను ముట్టుకునే హక్కు తనకింక లేదేమో అనిపించి, కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. బొటనవేలి మీద చర్మం ఊడి లేత ఎరుపు కండ బయటపడ్డాక శ్రీనివాసులు రాయిని గోడకేసి కొట్టాడు. రంగు పోలేదు. ఇప్పుడు దెబ్బ కూడా తోడైంది.

ఆ రోజు నుంచి కొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడు. కండె అయిపోతే "కండె" అని గాల్లోకి అనేవాడు. ఆమె తెచ్చి గట్టు మీద పెట్టేది. వీధిలో కుళాయి దగ్గర ఎదురింటి ఎల్లమ్మ బిందె కడుగుతూ అడిగింది, "ఏమత్తా, లండను దొరలకు మన గోరింటాకు నచ్చల్యాదంట గదా!" పక్కనున్నవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రామాంజినమ్మ బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది.

అవన్నీ ఆమె ఓర్చుకునేది. పిల్ల సంగతే ఓర్చుకోలేకపోయింది. పుట్టినప్పటి నుంచి, హాస్టలుకు పోయినాక సెలవులకు వచ్చినా, అవ్వ పక్కలోనే పడుకునే వసుంధర, చాప తీసుకుపోయి తల్లి పక్కన వేసుకుంది. అవ్వ వడ్డిస్తే ఆకలి లేదనేది. అమ్మ కలిపి పెడితే తినేది. వేళ్ళ మీద పక్కులు కట్టినందువల్ల తల్లి తినిపించక తప్పేది కాదు. ఐదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు, పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, అవ్వ చేతుల్లో తిరుగుతున్న రాట్నాన్ని చాలాసేపు చూసి అడిగింది.

"అవ్వా, నిజంగా చెప్పు. నీకు నేను పోయేది ఇష్టం ల్యాదు గదా?"

రాట్నం ఆగింది. "ఏమి మాటలు మే అవి?"

"ఇష్టం లేకనే పెట్టినావా?"

వసుంధర సమాధానం కోసం ఆగకుండా లేచి లోపలికి పోయింది. రామాంజినమ్మ చేతిలో పట్టుపోగు అప్పటికే తెగిపోయి ఉంది. రెండు కొసలూ ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళ నిండా నీళ్ళు.

తెల్లారి ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఎల్లమ్మ ఇంటికి పోయొస్తానని చెప్పి స్టేషనుకు పోయింది. హిందూపురంలో గ్రేస్ మేడం కాళ్ళు పట్టుకునైనా సరే, ఆ బడివాళ్ళకు ఒక మాట రాయించాలి. తప్పంతా ఒక ముసలిదానిది, పిల్లకేమీ తెలియదు, రెండు వారాలు ఓర్చుకోండి అని రాస్తే వినరా? వాళ్ళకు మాత్రం అవ్వలుండరా?

పాసింజరు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ స్టేషనులో రైలు ఆగింది. కొండ మీద పాత కోటగోడలు ఎండకు మెరుస్తున్నాయి. బడి సంచులు వేసుకున్న ఆడపిల్లలు నలుగురు పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. వాళ్ళలో ఒకతె వచ్చి ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆ పిల్ల అరచేతుల్లో గోరింటాకు. "యాడికి పోతాండావవ్వా?" అని అడిగింది. రామాంజినమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

మేడం ఇల్లు చింతపండు మార్కెట్టు వెనక సందులో. వీధంతా పుల్లటి వాసన. గ్రేస్ మేడం ఆ రోజు బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచగా ఉంటుంది. ముసలామెను చూడగానే గుర్తుపట్టి, చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ మర్యాదకే రామాంజినమ్మకు ఏడుపొచ్చింది.

"ఒక్క మాట రాయి మేడమ్మా. అంతా నా వల్లే అని రాయి."

"రాశానవ్వా. వీసా ఆఫీసు నుంచి నాకు మెయిలు రాగానే ఆ రోజే రాశాను. నిన్న జవాబు వచ్చింది." మేడం తన చేతుల వైపు చూసుకుంది. "సీటు వేరే అమ్మాయికి ఇచ్చేశారు. వరుసలో తర్వాత ఉన్న పిల్ల. చాలా బాధపడుతూనే రాశారు. కానీ వాళ్ళ రూలు వాళ్ళది. వచ్చే ఏడు ఈమెకు వయసు దాటిపోతుంది. వసుంధరకు ఎట్లా చెప్పాలో తెలియక ఇంకా ఫోను చేయలేదు."

ఫ్యాను తిరుగుతోంది. రామాంజినమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అయ్యో దేవుడా. ఒక్క మాట, ఒక్క మాట ఎవరన్న ముందు చెప్పింటే..."

మేడం తలెత్తి చూసింది. "ముందు చెప్పాను కదవ్వా."

"ఎవరికి?"

"మీ కోడలికి. వేలిముద్రలకు రమ్మన్న తేదీ వచ్చినప్పుడే ఫోను చేశాను. వసుంధర ఫోటోలు దిగడానికి బజారుకు పోయింది, ఇంట్లో లేదంది. అయితే మీరే గుర్తుపెట్టుకోండమ్మా, ఆషాఢం వస్తోంది, ఇంట్లో ఎవరూ పిల్లకు గోరింటాకు పెట్టకుండా చూసుకోండి, వేళ్ళ మీద రంగుంటే ముద్రలు తీసుకోరు అని చెప్పాను. సరే మేడం అంది. మళ్ళీ మరుసటి రోజు కూడా ఫోను చేసి గుర్తుచేశాను. అప్పుడూ సరేనంది." మేడం ముఖంలో అనుమానం కదిలింది. "మీకు చెప్పలేదా?"

వేళ్ళకు కూడానా అత్తా, అన్న మాట రామాంజినమ్మ చెవిలో వినిపించింది. బూడిద చేతులు ఎత్తి పట్టుకుని పక్కన నిలబడిన మనిషి. విప్పి మూసుకున్న పెదవులు.

"చెప్పింటాది," అంది చివరికి. "నాకు చెవులు సరిగా ఇనపడవు మేడమ్మా."

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు లేదు. తలుపు దగ్గర సంచి మీద కూర్చుంది. పెనుకొండ వచ్చేసరికి కోపం రగిలింది. నోరున్న మనిషి నోరు మూసుకుంటే అది మరుపవుతుందా? పిల్లను పంపే ఇష్టం లేకపోతే మొగుడితో చెప్పుకోవాలి. లేదా తనతో చెప్పుకోవాలి. అది చాతకాక, ముసలిదాని చేతులతో చేయించి, అందరూ దాన్ని పొడుస్తుంటే తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది. బిడ్డ వేళ్ళు రక్తమోడుతున్నా చెప్పలేదు. పిల్ల అవ్వ పక్క వదిలిపోయినా చెప్పలేదు! అనాల్సిన మాటలు ఆమె ఒక్కొక్కటే కూర్చుకుంది. కొడుకును మగ్గం మీదినుంచి దింపి, పిల్లను ఎదురుగా నిలబెట్టి, కోడల్ని పిలిచి అడగాలి. మేడం ఫోను చేసింది నిజమా, అబద్ధమా? ఆ ఒక్క మాట చాలు. ధర్మవరంలో దిగేసరికి ఆ మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. స్టేషను నుంచి ఆటో కోసం కూడా చూడకుండా నడిచింది.

ఇంట్లో అప్పుడే దీపం వేశారు. మగ్గం ఆగి ఉంది. శ్రీనివాసులు గుంత గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నడవలో నీలావతి కూతురికి జడ వేస్తోంది. పిల్ల తల్లి మోకాళ్ళ నడుమ కూర్చుని, వీపు ఆమె ఒంటికి ఆనించి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. సీటు పోయిన సంగతి తెలిసిపోయిందని చూడగానే అర్థమైంది.

అవ్వ గడప దాటగానే వసుంధర లేచి నిలబడింది. సగం వేసిన జడ విడిపోయింది.

"హిందూపురం పోయింటివంట. మేడం ఫోను చేసింది."

"పోయింటిని."

"గోరింటాకు పెట్టొద్దని అమ్మకు ముందే చెప్పిందంట. అమ్మ నీకు చెప్పిందంట. నీకు ఇనపడల్యాదంట." పిల్ల గొంతు పైకి లేచింది. "నీకు ఇనపడకపోయేది యాడిది? వీధిలో ఎవరు గుసగుసలాడినా ఇనపడతాది నీకు. అమ్మనడిగితే ఏమీ అనకుండా ఏడుస్తాంది. నువ్వు చెప్పు. అమ్మ నీకు చెప్పిందా, ల్యాదా?"

శ్రీనివాసులు తలెత్తాడు.

రామాంజినమ్మ కోడలి వైపు చూసింది. నీలావతి కూర్చున్నచోటే ఉంది. చేతిలో దువ్వెన ఉంది. పట్టుబడిన మనిషి చూపు తప్పిస్తుంది. ఆమె తప్పించలేదు. అత్త నోటి నుంచి వచ్చే మాట కోసం చూస్తూ ఉంది. ఆ మాట వచ్చాక తన బిడ్డ ఎటు నడిచిపోతుందో ఆ దారి కూడా చూస్తున్నట్టుంది. ఒడిలో ఇప్పటిదాకా పిల్ల కూర్చున్నచోట చీర నలిగి, ఇంకా గుంత పడినట్టే ఉంది.

ఈ పిల్లకు బడి పోయింది. అవ్వ పోయింది. ఇంక మిగిలింది ఆ ఒడి ఒక్కటే.

"చెప్పింది," అంది రామాంజినమ్మ.

నీలావతి చేతిలోని దువ్వెన కింద పడింది.

"చెప్పిందా? చెప్పినా పెట్టినావా?"

"చెప్పింది. ఏమైతాదిలే అనుకుంటిని. పోయే పిల్ల, చేతులు బోసిగా ఎందుకని పెట్టినాను. మీ అమ్మ వద్దనే అనింది. నేనే ఇనల్యా."

"ఎట్లా చేసినావమ్మా!" అన్నాడు శ్రీనివాసులు. ఇన్ని రోజుల తర్వాత అతను తల్లితో నేరుగా అన్న మాట అదే. గొంతులో కోపం కూడా లేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

వసుంధర అవ్వను పైనుంచి కింది దాకా, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వెనక్కి తిరిగి పోయి తల్లి ఒడిలో తల పెట్టుకుంది. నీలావతి రెండు చేతులూ గాల్లో అట్లాగే ఉండిపోయాయి. కాసేపటి తర్వాత గానీ అవి పిల్ల వీపు మీద వాలలేదు.

సోమవారం నుంచి వసుంధర ఊళ్ళోనే జూనియర్ కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. ఎల్లమ్మ కూతురు అప్పటికే అక్కడ చదువుతోంది, ఆమె వెంట బయలుదేరింది. కొత్త చెప్పులు, కొత్త సంచి, ఇంగ్లండు కోసం కొన్నవే. గడప దగ్గర ఆగి, "పోయొస్తానమ్మా" అంది. మగ్గం వైపు తిరిగి, "పోయొస్తా నాయనా" అంది. రాట్నం ముందు నుంచే నడిచి పోయింది. రామాంజినమ్మ, పిల్ల పావడా తగలకుండా కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

లోపల మగ్గం టకటకలాడుతోంది. నీలావతి కాఫీ గ్లాసు తెచ్చి అత్త పక్కన పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. పడుగు ముందు తన చోట కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక పోగు పట్టుకుంది. ఆ పోగు చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా," అంది.

రామాంజినమ్మ చక్రం తిప్పుతూనే ఉంది.

"అత్తా, ఆ రోజు నేను..."

"చెప్పొద్దు."

"నోటిదాకా వచ్చింది అత్తా. పిల్ల నవ్వుతా ఉండె. ఇంకొన్ని దినాలన్న నా దగ్గర ఉంటాదని..."

"చెప్పొద్దు అంటి గదా." ముసలామె గొంతు తగ్గించింది. "నువ్వు చెప్తే నేను ఇన్నట్టైతాది. ఇంటే, ఎప్పుడో ఒకనాడు కోపంలో నా నోట్లోంచి వస్తాది. నేను మంచిదాన్నేమీ కాదు. నాకు తెలీనట్టే ఉండనీ."

నీలావతి ముఖం చెదిరింది. ఏడుపును లోపలికి మింగబోయింది గానీ, అది ఆగక, పడుగు మీదికి వంగిపోయింది.

"మే! పట్టు మీద పడితే మరకైతాది. అవతలికి జరుగు," అంది రామాంజినమ్మ.

నీలావతి జరిగింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆ శబ్దం ఆగలేదు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఏమి ఆడ?" అని కేకేశాడు శ్రీనివాసులు.

రామాంజినమ్మ కోడలి వైపు చూడలేదు. చేతిలోని కండె నిండి చాలాసేపైంది. అయినా చక్రాన్ని గట్టిగా తిప్పింది.

"ఏంల్యా," అంది. "బూడిద కంట్లో పడిందంట. నువ్వు నెయ్యి."

కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది.